మంచివాళ్లు ఆఫీసులో తప్పుడు సంతకాలు ఎందుకు పెడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మీ టీమ్‌లో చేయని తనిఖీలకు కూడా చేసినట్టు సంతకాలు పెట్టేస్తున్నారు. మీ మేనేజర్ చూస్తే నిజంగా మంచి మనిషి. ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడు, ఒక్క రూపాయి లంచం ముట్టడు. "ఇలాంటి మనిషి ఇలాంటి పని ఎలా చేయిస్తున్నాడు? ఆ మంచితనం నటనా? కొన్నాళ్లకు నేనూ ఇలాగే తయారవుతానా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ మంచితనం నటన కాదు. నేను చూసినంతలో, సంస్థల్లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం దుర్మార్గులు చేసేవి కావు. తప్పు చేస్తున్నామని ఆ క్షణంలో తోచని మామూలు మనుషులు చేసేవి. ఇక మీ రెండో ప్రశ్న. అవును, మీరూ అలా మారొచ్చు. మీ స్వభావం బలహీనమైనదని ఈ మాట అనడం లేదు. మారేటప్పుడు మారుతున్నట్టు ఎవరికీ తెలియదు, అందుకే అంటున్నాను. దాన్ని సులువుగా ఆపగలిగే సమయం ఒకటి ఉంటుంది, అది మొదట్లోనే ఉంటుంది. మీకు ఇంకా ఇబ్బందిగా అనిపిస్తోంది కాబట్టి ఆ సమయం మీకు దాటిపోలేదు.

కంపెనీల్లో అంతర్గత విచారణలు చేయడం నా వృత్తి. లెక్కల్లో తేడాలు, దొంగ బిల్లులు, తప్పుడు రిపోర్టులు బయటపడ్డాక అందులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను. ఆ గదిలోకి వచ్చిన చాలామంది ముఖంలో భయం కన్నా ముందు ఆశ్చర్యం కనిపిస్తుంది. "ఇందులో తప్పేముందండీ, మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం కదా" అంటారు. ఆ ఆశ్చర్యం నిజమైనదే. అది ఎక్కడి నుంచి వస్తుందో అర్థమైతే మీ మేనేజర్ కూడా అర్థమవుతాడు.

సాకు తప్పు చేశాక పుట్టదు, ముందే పుడుతుంది. పట్టుబడ్డాక మనుషులు సాకులు వెతుక్కుంటారని మనం అనుకుంటాం. డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త, తమను నమ్మి అప్పగించిన డబ్బు కాజేసి జైలుకెళ్లిన వాళ్లతో మాట్లాడి 1953లో ఒక పుస్తకం ప్రచురించాడు. వాళ్లందరిలో ఆయనకు మూడు విషయాలు కలిసి కనిపించాయి. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది ఒకటి. దాన్ని గుట్టుగా తీర్చుకునే అవకాశం రెండోది. చేస్తున్నది దొంగతనం కాదని తమకు తాము చెప్పుకునే మాట మూడోది. ఆ మాట డబ్బు తీయకముందే వాళ్ల మనసులో సిద్ధంగా ఉంది. "అప్పుగా తీసుకుంటున్నా, మళ్లీ పెట్టేస్తా" అనేది అందులో బాగా వినిపించేది. ఆ మాట దొరకనప్పుడు చేయి ముందుకు పోదు. ఆడిట్ నేర్చుకునేవాళ్లకు ఈ మూడూ ఫ్రాడ్ ట్రయాంగిల్ పేరుతో ఈరోజుకీ మొదటి పాఠం.

మీ ఆఫీసులో ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. "ఈ ఒక్కసారికి." "అందరూ చేసేదే." "పైనుంచి చెప్పారు." "దీనివల్ల ఎవరికి నష్టం?" ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త ఇవి పనిచేసే తీరును విడమర్చి చూపించాడు. పనికి మెత్తటి పేరు పెట్టుకోవడం, బాధ్యతను పై అధికారి మీదికో పదిమంది మీదికో తోసేయడం, జరిగే నష్టాన్ని చిన్నది చేసి చూడటం, ఇంతకన్నా పెద్ద తప్పు చేసినవాళ్లతో పోల్చుకోవడం, నష్టపోయినవాళ్లదే తప్పనడం. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా మనస్సాక్షి ఆ పని దాకా రాదు. అది చచ్చిపోదు, ఇంట్లోనూ స్నేహితుల దగ్గరా మామూలుగానే పనిచేస్తుంటుంది. పిల్లలు చిన్న అబద్ధం ఆడితే ఊరుకోని మనిషి ఆఫీసుకొచ్చి తప్పుడు తేదీ వేయగలగడం ఇందుకే.

ఇంకో సంగతి ఉంది, ఇది ఇంకా లోతైనది. సాకు చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేకుండా పోయే స్థితి ఒకటి వస్తుంది. ఎందుకంటే ఎదురుగా ఉన్న ప్రశ్నే మారిపోతుంది. ఆన్ టెన్‌బ్రన్సెల్, డేవిడ్ మెసిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో దీని గురించే రాశారు: నిర్ణయం తీసుకునేటప్పుడు అందులోని మంచిచెడ్డల రంగు వెలిసిపోయి, అది ఉత్త వ్యాపార నిర్ణయంగానో, ఇంజనీరింగ్ నిర్ణయంగానో, గడువు సమస్యగానో మాత్రమే కనిపిస్తుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఛాలెంజర్ అంతరిక్ష నౌక. 1986 జనవరి 27 రాత్రి, ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు నాసాతో జరిగిన ఫోన్ సమావేశంలో అభ్యంతరం చెప్పారు. బాగా చలిగా ఉంది, ఈ చలికి బూస్టర్ అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు బిరుసెక్కి సరిగ్గా మూసుకోకపోవచ్చని వాళ్ల భయం. నాసా అధికారులకు అది నచ్చలేదు. కంపెనీవాళ్లు లైన్ ఆపి కాసేపు విడిగా మాట్లాడుకున్నారు. ఆ కాసేపట్లో ఒక పై అధికారి ఇంజనీరింగ్ విభాగం పెద్దతో, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నాడు. కంపెనీ సలహా మారిపోయింది. మర్నాడు నౌక పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది, లోపలున్న ఏడుగురూ చనిపోయారు.

ఆ గదిలో ఎవరూ మనుషుల్ని చంపాలనుకోలేదు. "ఇది క్షేమమా?" అన్న ప్రశ్న పోయి, "క్లయింటుకు ఏం సమాధానం చెప్పాలి?" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. రెండో ప్రశ్నకు వాళ్లు తెలివిగానే జవాబిచ్చారు.

అసలు ఆ రాత్రి దాకా ఎలా వచ్చారన్నది ఇంకా ముఖ్యం. డయాన్ వాన్ అనే సామాజికవేత్త నాసా కాగితాలు తిరగేసి 1996లో ఒక పెద్ద పుస్తకం రాసింది. ఓ-రింగులు దెబ్బతినడం అంతకుముందు ప్రయోగాల్లోనూ కనిపించింది. నిజానికి అవి అసలు దెబ్బతినకూడదు. కానీ నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి, ఆ మాత్రం దెబ్బ ఫర్వాలేదని రాసుకున్నారు. తర్వాత ఇంకొంచెం ఎక్కువ దెబ్బ, అదీ ఫర్వాలేదు. ప్రతిసారీ కొత్త హద్దు పాత హద్దుకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఎవరికీ భయం వేయలేదు. ప్రమాద సూచన మామూలు సంగతిగా మారిపోయింది.

మీ టీమ్‌లో జరుగుతున్నది దాదాపు ఇదే అని నా అనుమానం. నేను విచారించిన ఒక కేసు చెప్తాను, మీకు దగ్గరగా ఉంటుంది. ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత పరీక్షించే విభాగం. ఒకసారి పరీక్ష యంత్రం పాడైంది. బాగయ్యేదాకా సరుకు ఆపలేక, ముందు రోజుల రీడింగులనే కాస్త అటూ ఇటూ మార్చి రాశారు. యంత్రం బాగైంది. సరుకు మీద ఒక్క కంప్లైంటూ రాలేదు. దాంతో పని ఒత్తిడి ఎక్కువైన రోజుల్లో కూడా అలాగే రాయడం మొదలైంది. కొన్నాళ్లకు ఆ విభాగంలో చేరిన కొత్తవాళ్లకు పనితో పాటు ఇదీ నేర్పించారు. ఏ రీడింగును ఎంత మార్చితే సహజంగా కనిపిస్తుందో ఒక పట్టిక కూడా తయారైంది. నేను వెళ్లేసరికి ఆ పట్టిక గోడకు అంటించి ఉంది, దాచలేదు. కొత్తగా చేరిన కుర్రాడు నాకు దాన్ని ఓపిగ్గా వివరించాడు. అతని దృష్టిలో అది మోసం కాదు, ఉద్యోగం. మొదటిసారి రాసినవాళ్లకు అది తప్పని తెలుసు. ఆ కుర్రాడికి తెలిసే దారి ఎవరూ ఉంచలేదు.

మొదటి అడుగు అన్నిటికన్నా చిన్నది, వెనక్కి తీసుకోవడానికి అన్నిటికన్నా తేలికైనది. దీనికి బెటీ విన్సన్ కథ కన్నా మంచి రుజువు నాకు తెలియదు. ఆమె వరల్డ్‌కామ్ అనే అమెరికన్ టెలికాం కంపెనీలో మధ్య స్థాయి అకౌంటెంట్. 2000వ సంవత్సరం చివర్లో కంపెనీ లాభాలు తగ్గాయి. ఖర్చుల్లోంచి 82.8 కోట్ల డాలర్లు తగ్గినట్టు చూపే ఎంట్రీలు వేయమని పైనుంచి చెప్పారు. ఆమె, తోటి ఉద్యోగి అభ్యంతరం చెప్పారు. ఈ ఒక్క క్వార్టరుకే అన్నారు. వేశారు. వేశాక మనసు ఒప్పక, రాజీనామా చేద్దామనుకున్నారు. ఫైనాన్స్ అధిపతి వాళ్లను పిలిచి ఇక మళ్లీ అడగనని, బాధ్యత తనదని నచ్చజెప్పాడు. ఇంటి ఖర్చులకు ఆమె జీతమే ముఖ్య ఆధారం. ఉండిపోయింది. తర్వాతి క్వార్టరులో మళ్లీ అడిగారు. ఆ తర్వాతా అడిగారు.

2002లో వ్యవహారం బయటపడింది. అప్పటికి తప్పుడు లెక్కలు 380 కోట్ల డాలర్లని మొదట చెప్పారు, తవ్వితే అది దాదాపు 1,100 కోట్ల డాలర్లకు చేరింది. కంపెనీ దివాలా తీసింది. విన్సన్ నేరం ఒప్పుకుంది, 2005లో ఆమెకు ఐదు నెలల జైలుశిక్ష పడింది. ఆమె కంపెనీ డబ్బేమీ కాజేయలేదు. మొదటిసారే 1,100 కోట్ల డాలర్ల అబద్ధం రాయమంటే ఆమె ఆ పూటే లేచి వెళ్లిపోయేదని నా నమ్మకం. కానీ ఎవరూ అలా అడగరు. ఒక క్వార్టరు అడుగుతారు. ఒకసారి రాశాక రెండోసారి కాదనడానికి, మొదటిసారి చేసింది తప్పని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. మనిషికి బరువయ్యేది అదే. తనను తాను మంచివాడిగా చూసుకోవాలన్న కోరికే అతన్ని ఇంకా లోపలికి తీసుకుపోతుంది.

తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ సంగతి తెలిసిందే. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖలోనూ ఇదే ఉంది: అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పమైన తేడా, అది ఏళ్ల తరబడి పెరగడం, చివరికి పులి మీద స్వారీ చేస్తూ దిగలేని స్థితి. ఆ లేఖను క్షమాపణగా కాకుండా, మొదటి తేడా ఎంత చిన్నదో చెప్పే పత్రంగా చదవమని నాతో పనిచేసే జూనియర్లకు చెప్తుంటాను.

ఇక టార్గెట్ల గురించి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమరుకు ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలని సిబ్బంది మీద ఒత్తిడి పెట్టింది. కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి దాదాపు 5,300 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. అనుమతి లేకుండా తెరిచి ఉండొచ్చన్న ఖాతాల సంఖ్యను మరుసటి ఏడాది 35 లక్షలకు పెంచారు. వేలమంది ఒకే తప్పు చేశారంటే, అంతమంది దొంగలు ఒకే బ్యాంకులో చేరారనుకోవాలా? టార్గెట్‌నే చూడాలి. 2004లో వచ్చిన ఒక ప్రయోగంలో, "మీకు చేతనైనంత చేయండి" అని చెప్పినవాళ్ల కన్నా ఖచ్చితమైన టార్గెట్ ఇచ్చినవాళ్లు తమ ఫలితాల గురించి ఎక్కువ అబద్ధం చెప్పారు. అందులోనూ టార్గెట్‌కు కొద్దిలో తప్పిపోయినవాళ్లు మరీ ఎక్కువ. నా అనుభవమూ అదే. చాలా దూరంలో ఉన్నవాడు చేతులెత్తేస్తాడు. గీతకు దగ్గరగా ఉన్నవాడే కలం తిప్పుతాడు.

తొందర కూడా ఇలాగే పనిచేస్తుంది. 1973లో మతబోధన చదువుతున్న విద్యార్థులను ప్రసంగానికని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒకడు బాధతో మూలుగుతూ పడి ఉన్నట్టు ఏర్పాటు చేశారు. తొందరేమీ లేనివాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే ఆగారు. మీ టీమ్‌లో ఒక్కో మనిషికి రోజుకు ఎన్ని తనిఖీలు అప్పగిస్తున్నారో, ఒక్కోటి సక్రమంగా చేస్తే ఎంతసేపు పడుతుందో ఒకసారి లెక్కేయండి. ఆ రెండూ సరిపోకపోతే, తప్పుడు సంతకం అన్నది మీ మేనేజర్ స్వభావంలో కాదు, ఆ లెక్కలోనే పుట్టింది.

"పైనుంచి చెప్పారు" అన్న మాట బలం తక్కువేం కాదు, కానీ అది అందరూ అనుకునేంత గట్టిదీ కాదు. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త 1960ల మొదట్లో చేసిన కరెంటు షాకుల ప్రయోగం చాలామంది విన్నదే. అవతలి మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాక్ పెంచుతూ పోవాలి. ప్రయోగం నడిపే ఆయన కొనసాగించమంటే, 40 మందిలో 26 మంది ఆ మనిషికి 450 వోల్టుల దాకా షాకిస్తున్నామనుకుంటూ మీట నొక్కారు. అసలు షాక్ ఏమీ లేదు, అది వాళ్లకు తెలియదు. ఇక్కడితో ఆపేసి మనుషులింతే అంటారు. అదే ప్రయోగాన్ని ఆయన చాలా రకాలుగా మార్చి చేశాడు, మీకు పనికొచ్చేవి ఆ మార్పులే. మీట నొక్కే పని ఇంకొకరికి ఇచ్చి, వచ్చినవాళ్లకు పక్కనుండి ప్రశ్నలు చదవడం లాంటి పని అప్పగిస్తే 40 మందిలో 37 మంది చివరిదాకా ఉన్నారు. ఆఫీసు అంటే ఇదే కదా. ఒకరు తయారుచేస్తారు, ఒకరు చెక్ చేస్తారు, ఒకరు అప్రూవ్ చేస్తారు, మీట నొక్కింది తానని ఎవరికీ అనిపించదు. దీనికి పూర్తి భిన్నమైన ఫలితం ఇంకోటుంది. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు మేం చేయం అని లేచినప్పుడు, చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే. నేను ఈ వృత్తిలో ఎవరికైనా ధైర్యం చెప్పాల్సి వస్తే ఈ నలుగురు అన్న అంకెనే చెప్తాను.

మౌనం గురించి కూడా ఒక మాట. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే మనస్తత్వవేత్తలు ఒక గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి ఫారాలు నింపమని, గోడ సందులోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం లేచి చెప్పారు. పక్కన పట్టించుకోనట్టు నటించే ఇద్దరు ఉన్నప్పుడు 10 శాతమే చెప్పారు. పొగ అందరికీ కనిపిస్తోంది. కానీ ఎదుటివాళ్లు కదలడం లేదంటే ప్రమాదం లేదేమో అనుకున్నారు. మీ టీమ్‌లో అందరూ ఒప్పుకుంటున్నారని మీకు అనిపిస్తోంది. విచారణలో విడివిడిగా మాట్లాడినప్పుడు నాకు వినిపించేది వేరే. "నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు, మిగతావాళ్లకు ఫర్వాలేదేమో అనుకున్నా" అని వరసగా ఒక్కొక్కరూ చెప్తారు. ఒకే గదిలో ఉంటూ ఒకరి మౌనాన్ని ఇంకొకరు అంగీకారం అనుకుని ఏళ్లు గడిపేస్తారు.

మీ మేనేజర్ లాంటివాళ్ల విషయంలో ఇంకో కారణం ఉంటుంది. దీని గురించి బయట తక్కువగా మాట్లాడతారు, అందుకే కాస్త ఆగి చెప్తాను. అది స్వార్థం కాదు, విధేయత. తన టీమ్‌ను కాపాడుకోవాలి, ఎవరి అప్రైజలూ పాడు కాకూడదు, కంపెనీకి చెడ్డపేరు రాకూడదు. తన కోసమైతే చేయని పనిని తనవాళ్ల కోసం చేసే మనుషులుంటారు, వాళ్లు చేసేటప్పుడు త్యాగం చేస్తున్నట్టే ఉంటుంది. ఒక సంస్థలో, ఖర్చు కాని నిధులు వెనక్కి వెళ్లిపోకుండా దొంగ బిల్లులు పెట్టించిన ఒక విభాగాధిపతిని విచారించాను. ఆ డబ్బుతో కాంట్రాక్టు సిబ్బందికి ఆగిపోయిన జీతాలిచ్చింది. ఆమె మీద ఒక్కరూ చెడుగా చెప్పలేదు. ఆమె కూడా చివరిదాకా తలెత్తుకునే మాట్లాడింది. కానీ ఆ బిల్లుల దారి తెలిశాక, అదే పద్ధతిలో ఆమె కింది ఉద్యోగి ఒకడు సొంతానికి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాడు. అతన్ని అడగడానికి ఆమెకు నోరు లేకుండా పోయింది. మంచి ఉద్దేశంతో తెరిచిన తలుపు ఎవరి ఉద్దేశమూ అడగదు. ఇలాంటి మేనేజర్‌ని "నువ్వు చెడ్డవాడివి" అంటే అతను వినడు, ఎందుకంటే తను చెడ్డవాడు కాడని అతనికి తెలుసు. ఎవరిని కాపాడాలనుకుంటున్నాడో వాళ్లకే దీనివల్ల ముప్పని చూపిస్తే వినే అవకాశం ఉంది. రేపు విచారణ జరిగితే అడిగేది సంతకం పెట్టినవాళ్లనే కదా.

నిబంధనలు పెంచితే సరిపోదా అని అడుగుతారు. కొన్నిసార్లు అది ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద జరిగిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా తీసేశాక కూడా తగ్గలేదు. అంతకుముందు ఆలస్యమైతే టీచరు ముందు సిగ్గుగా ఉండేది. జరిమానా వచ్చాక అది చెల్లించి కొనుక్కునే సేవ అయిపోయింది. కంపెనీల్లోనూ అంతే. ప్రతిదానికీ ఒక ఫారం, ఒక టిక్కు పెట్టేస్తే, ఫారం నిండిందా లేదా అన్నదే చూస్తారు తప్ప పని జరిగిందా అని ఎవరూ ఆలోచించరు. మీ దగ్గర తనిఖీల బదులు సంతకాలు జరుగుతున్నది కూడా ఇలాగే కావచ్చు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కారణం చెప్పడం అంటే తప్పు లేదనడం కాదు. విన్సన్ మీద నాకు జాలి ఉంది, ఆమె శిక్ష అన్యాయమని మాత్రం అనను. ఆ షేర్లు కొన్నవాళ్లు, ఉద్యోగాలు పోయినవాళ్లు ఉన్నారు. అలాగే ప్రతి కేసులోనూ మంచివాళ్లే ఉంటారని కూడా కాదు. తెలిసి తెలిసి, లెక్కేసుకుని, ఇతరుల్ని వాడుకుని మోసం చేసేవాళ్లు ఉంటారు. తేడా ఎలా గుర్తుపట్టాలంటే, మామూలు మనిషి దగ్గర తప్పు గోడకు అంటించి ఉంటుంది. మోసగాడి దగ్గర అది తాళం వేసి ఉంటుంది. ఎక్కడ బయటపడుతుందోనని అతను సెలవు పెట్టడు, తన పని ఇంకొకరికి ఇవ్వడు.

రెండోది, ఈ రంగంలో పరిశోధనలన్నిటినీ కళ్లు మూసుకుని నమ్మకండి. ఫారంలో సంతకం చివర కాకుండా పైన పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో ఒక పేరున్న పత్రిక ప్రచురించింది. తర్వాత పెద్ద ఎత్తున మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అందులో ఒక ప్రయోగం డేటా కల్పితమన్న ఆధారాలు బయటపడి 2021లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. నిజాయితీ మీద రాసిన వ్యాసానికే ఇలా జరిగింది. పేరు తెచ్చిపెట్టే ఫలితం కావాలన్న ఒత్తిడి ఎక్కడున్నా ఒకేలా పనిచేస్తుందని అది నాకు గుర్తుచేస్తుంది.

ఇప్పుడు మీరేం చేయాలి. ముందుగా, చూడని తనిఖీకి ఇకపై సంతకం పెట్టకండి. ఇప్పటికే కొన్ని పెట్టి ఉంటే, "ఎలాగూ పెట్టేశాం కదా" అన్న ఆలోచన వస్తుంది. జాగ్రత్త, విన్సన్‌ను పట్టి ఉంచింది సరిగ్గా ఆ ఆలోచనే. పాతవి ఎలా సరిచేయాలన్నది తర్వాత మాట్లాడొచ్చు, రేపటిది మాత్రం రేపే ఆగాలి.

ఆగడానికి గొడవ అక్కర్లేదు. మేనేజర్‌కు ఒక చిన్న మెయిల్ పెట్టండి: "ఈ తనిఖీ నేను చేయలేదండీ. చేయలేదని రాయమంటారా, లేక గురువారం చేసి అదే తేదీ వేయమంటారా?" ఇందులో ఎవరి మీదా నింద లేదు, కానీ అతను ఎంచుకోవడానికి రెండు నిజాయితీ దారులు ఉన్నాయి. నోటితో "పెట్టేయ్" అనడం చాలా తేలిక, మెయిల్‌లో అదే మాట రాయడానికి చాలామంది చేయి ఆడదు. "ఇది సరైన పనేనా?" అన్న పోయిన ప్రశ్న ఆ క్షణంలో తిరిగి వస్తుంది. దాంతో పాటు ఆ పని భారం లెక్క కూడా అతని ముందు పెట్టండి. మనుషులు చాలడం లేదని పైవాళ్లకు చెప్పడానికి అతనికి ఒక కాగితం దొరుకుతుంది. తప్పుడు సంతకాల వల్ల పైవాళ్లకు ఇన్నాళ్లూ కనిపించంది అదే, పని అంతా సవ్యంగా జరుగుతోందనే వాళ్లు అనుకుంటున్నారు.

ఇంకొకరిని వెతకండి. ఒక్కరు చాలు. టీమ్‌లో ఎవరి దగ్గరైనా విడిగా "నాకిది ఇబ్బందిగా ఉంది, నీకేమనిపిస్తోంది?" అని అడగండి. మొదటి మనిషి కాదంటే రెండో మనిషిని అడగండి. ఒంటరిగా చెప్తే అది మీ స్వభావం కింద జమ చేస్తారు, ఇద్దరు చెప్తే అది టీమ్ సమస్య అవుతుంది.

ఈ రెండూ పనిచేయకపోతే కంపెనీలో కంప్లయన్స్ విభాగమో, ఇంటర్నల్ ఆడిటో, ఫిర్యాదుల లైనో ఉంటుంది, అక్కడికి వెళ్లండి. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నది మీ సొంత నోట్సులో అప్పటికప్పుడు రాసుకోండి. కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల వివరాలు మాత్రం మీ సొంత మెయిల్‌కు పంపుకోకండి. నిజం చెప్పినవాళ్లనే ఆ ఒక్క కారణంతో ఇరికించడం నేను చూశాను. కంపెనీ బయటికి వెళ్లాలనుకుంటే ముందు ఒక లాయరుతో మాట్లాడండి. కక్ష సాధింపు ఉండదని నేను మాట ఇవ్వలేను. ఉంటుంది. మంచి పని ఇవ్వకపోవడం, మీటింగులకు పిలవకపోవడం లాంటివి చట్టం దృష్టికి రాకుండానే జరిగిపోతాయి. అందుకని వేరే ఉద్యోగానికి అప్లై చేసి ఉంచుకోవడం పిరికితనం కాదు. వెళ్లే దారి ఉన్న మనిషి నిలబడి మాట్లాడగలడు.

ఒక్క విషయం మీ ప్రశ్నలో లేదు: మీరు తనిఖీ చేసేది దేన్ని? కాగితాలో, స్టాకో అయితే పైన చెప్పిన వరసలో నెమ్మదిగా వెళ్లండి. లిఫ్టులు, ప్రెజర్ వాల్వులు, ఫైర్ అలారాలు, మందులు, ఆహారం లాంటివైతే ఈ వరస మీకు వర్తించదు. మెయిల్‌కు జవాబు కోసం ఎదురుచూడకుండా ఈరోజే భద్రత విభాగానికి చెప్పండి, అక్కడ కదలిక లేకపోతే దాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ విభాగానికి చెప్పండి. ఏ రకం తనిఖీలో రాస్తే, మెయిల్ ఎలా పెట్టాలో ఇంకా వివరంగా చెప్తాను.